యెషయా గారి మెదక్ బస్సు

ముందే చెప్పేస్తున్నాను, నాకు కుదురు లేదు. కుర్చీలో కూర్చుంటే కాలు ఆడుతూనే ఉంటుంది. "ఒరేయ్ భార్గవా, ఆ కాలు ఆపరా, చూడలేక చస్తున్నాను" అని మా అమ్మ చిన్నప్పటి నుంచీ మొత్తుకునేది. అలాంటివాణ్ని తణుకు నుంచి వచ్చి, ఎస్.ఆర్. నగర్‌లో ఒకే గదిలో నలుగురితో సర్దుకుని, ఉద్యోగం కోసం రెండేళ్ల రెండు నెలలు ఎదురుచూశాను. ఎలా చూశానో ఆ దేవుడికే తెలియాలి. అయినా ఇది నా కథ కాదు, యెషయా గారి కథ. అందులో నేను చేసిన వెధవ పని ఒకటుంది కాబట్టి నేనూ వస్తాను, తప్పదు.

మేం జావా నేర్చుకున్న అమీర్‌పేట కోచింగ్ సెంటర్‌లో యెషయా గారు అటెండర్. వయసు యాభై దాటి ఉంటుంది. పొద్దున్నే ఆరింటికి బోరబండ నుంచి సైకిల్ తొక్కుకుంటూ వచ్చి షట్టర్ ఎత్తేవారు. బోర్డు తుడవడం, ఏడు గంటల బ్యాచ్‌కి కుర్చీలు సర్దడం, సార్లకి చాయ్ తేవడం, హాజరు పుస్తకం తిప్పడం, అన్నీ ఆయనే. ఏ పని చేస్తున్నా ఒంటి మీద ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, పై గుండీ దాకా పెట్టుకుని ఉండేది. పని లేక రోడ్లు కొలుస్తున్న మమ్మల్ని కూడా "సారూ", "మేడం" అనే పిలిచేవారు. ఆ ఊళ్లో నన్ను సారూ అన్నది ఆయన ఒక్కరే.

ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ రెండు ఫోన్లుండేవి. ఒకటి ఆయనది. రెండోది కంపెనీది. ఏ కంపెనీ అని అడగండి, అక్కడుంది అసలు సంగతి.

ఆ రోజుల్లో సాఫ్ట్‌వేర్ కంపెనీలు వందలకొద్దీ మనుషుల్ని తీసుకునేవి, కానీ అందరూ రెండేళ్ల అనుభవం అడిగేవాళ్లే. అది లేనివాడు ఎక్కడికి పోవాలి? అమీర్‌పేటలో దానికీ మందుంది. "ఎక్స్‌పీరియన్స్ పెట్టించుకున్నావా?" అని, "టిఫిన్ చేశావా" అన్నంత మామూలుగా అడిగేవాళ్లు. మా కోచింగ్ సెంటర్ యజమాని హనుమత్ప్రసాద్ గారికి పంజాగుట్టలో ఒక గది ఉండేది. ఆ గది ఒక కంపెనీ. దానికి పేరుంది, రబ్బరు ముద్ర ఉంది, రంగుల లెటర్‌హెడ్ ఉంది. కంప్యూటర్లు లేవు, మనుషులు లేరు. మేం అందులో రెండేళ్లు పనిచేసినట్టు ఆయన ఉత్తరం ఇచ్చేవారు. కొత్త కంపెనీ వాళ్లు నిజమా కాదా అని వాకబు చేయడానికి ఉత్తరం మీదున్న నంబరుకి ఫోన్ చేస్తే, అది యెషయా గారి జేబులో మోగేది. గొంతు సవరించుకుని ఆయన మేనేజర్ అయిపోయేవారు.

అటెండర్ మేనేజరెలా అయ్యాడంటే, ఒకరోజు ఆ ఫోన్ ఎత్తాల్సిన మనిషి రాలేదట. ఫోన్ మోగుతోంది, హనుమత్ప్రసాద్ గారికి చెమటలు పడుతున్నాయి. చాయ్ ఇస్తున్న యెషయా గారు ఆ మోత భరించలేక ఎత్తి, దొరల ఇంగ్లీషులో "గుడ్ మార్నింగ్, మే ఐ నో హూ ఈజ్ కాలింగ్ ప్లీజ్?" అన్నారట. అవతలివాళ్లు పేరు అడిగితే నోటికొచ్చిన పేరు చెప్పారు, "గిడియన్ ప్రకాశ్" అని. హనుమత్ప్రసాద్ గారు నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయారు. ఆ రోజు నుంచి ఆ ఫోన్ యెషయా గారిది, ఆ పేరూ ఆయనదే.

గిడియన్ ప్రకాశ్ అనే మనిషి నిజంగా ఉండేవారు. మెదక్‌లో మిషన్ బోర్డింగ్ స్కూల్ వార్డెన్. యెషయా గారిని పదో తరగతి దాకా చదివించింది, ఆ ఇంగ్లీషు నేర్పింది, గుడిలో, అదే చర్చిలో, పాడటం నేర్పింది ఆయనే. యెషయా గారిది మెదక్ ఊరు. కరువొచ్చి జనం పస్తులున్నప్పుడు మెదక్ పెద్ద గుడి కడుతుంటే, ఈయన తాత అక్కడ రాళ్లు మోసి కూలి కింద తెచ్చిన గింజలతో ఇల్లు గడిపాడట. తండ్రి పోయాక పద్దెనిమిదేళ్లకే హైదరాబాద్ వచ్చి, కాపలా పని, ఆస్పత్రిలో స్ట్రెచర్ తోసే పని, చివరికి ఈ కోచింగ్ సెంటర్. బోరబండలో రెండు గదుల ఇల్లు. భార్య జ్ఞానకుమారి గారు ఓ బళ్లో ఆయా. కూతురు సెరీనా నర్సింగ్ చదువుతుండేది. ఆ రెండో ఫోన్ ఎందుకో జ్ఞానకుమారి గారికి తెలియదు. డ్యూటీ ఫోన్ అనుకునేది పాపం.

ఇక చలికాలం సంగతి. డిసెంబరులో అమీర్‌పేటలో మాకేం వినోదాలుండేవి? ఫుట్‌పాత్ మీద స్వెట్టర్లు బేరమాడటం, కొనకుండా వచ్చేయడం. సందులో బల్బు కట్టుకుని షటిల్ ఆడేవాళ్లని చూస్తూ చాయ్ తాగడం. మైత్రీవనం ముందు పంచే కరపత్రాలన్నీ తీసుకుని చదవడం. ఇంటికి వెళ్లాలంటే సిగ్గు, ఉద్యోగం ఏమైందని అడుగుతారు. గదిలో ఉండాలంటే పిచ్చి. అలాంటి మాకోసం యెషయా గారు ఏటా క్రిస్మస్‌కి ముందు శనివారం ఒక బస్సు మాట్లాడేవారు. మెదక్ బస్సు. తెల్లారి ఆరింటికి మైత్రీవనం దగ్గర బయల్దేరి, మెదక్ కోట ఎక్కించి, గుడి చూపించి, అక్కడి అంగళ్లన్నీ తిప్పి, పొద్దుగూకేసరికి తిరిగి దింపేవారు. ఉద్యోగం వచ్చినవాళ్లకి ఆ బస్సులో చోటు లేదు. "ఉద్యోగం అచ్చినోళ్లకు మస్తు బస్సులున్నయ్ సారూ, గిది రానోళ్ల బస్సు" అనేవారు నవ్వుతూ.

ఏడాదంతా వంగి నడిచే ఆ మనిషి ఆ ఒక్కరోజు నిటారుగా నడిచేవారు. గుడిలో రంగు అద్దాల కిటికీ కింద నిలబడి ఒక పాట పాడేవారు. మైకు లేదు, వాయిద్యం లేదు. మొదటి ఏడాది నేనూ విన్నాను. నాకు పాటల గోల తెలియదు, దేవుడి గోల అసలు తెలియదు. కానీ ఆ పాట అయ్యేదాకా నా కాలు ఆడలేదు.

రెండువేల అయిదు డిసెంబరు. నాకు చివరికి ఒక కంపెనీలో అన్ని రౌండ్లూ అయ్యాయి. ఎక్స్‌పీరియన్స్ అప్పటికే పెట్టించుకున్నాను, సర్లెండి, దాచడానికేముంది. మిగిలింది వాకబు ఒక్కటే. హెచ్ఆర్ అమ్మాయి ఫోన్ చేసి, "మీ మేనేజర్‌తో ఎప్పుడు మాట్లాడొచ్చు?" అంది.

"ఎప్పుడైనా మేడం! శనివారమైనా పర్లేదు" అన్నాను తొందరలో.

"శనివారమా? మీ ఆఫీస్ శనివారం కూడా ఉంటుందా?"

"ఉంటుంది మేడం. ఆదివారం కూడా ఉంటుంది."

అవతల కీబోర్డు టకటకలాడింది. "అయితే శనివారం పదకొండు తర్వాత చేయిస్తాను. రెండుసార్లు ప్రయత్నిస్తాం. దొరక్కపోతే ఫైల్ మూసేస్తాం. దొరికితే సోమవారం జాయినింగ్."

నేను గదిలోకి గంతులేసుకుంటూ వచ్చి చెబితే, మా ప్రమోద్ నెత్తి కొట్టుకున్నాడు. "ఒరేయ్ సన్నాసీ, కంపెనీలకి శని ఆదివారాలు సెలవురా!" నాకేం తెలుసు! జన్మలో కంపెనీ మొహం చూసినవాణ్నా? నేను చూసిందల్లా అమీర్‌పేట. అమీర్‌పేటలో శని ఆదివారాలే కదా అసలు రద్దీ, వీకెండ్ బ్యాచులన్నీ అప్పుడే. లోకమంతా అలాగే ఉంటుందనుకున్నాను. సరే, ఆ అమ్మాయి అనుమానపడలేదు, గండం గడిచింది అనుకున్నాను. తర్వాత గోడ మీద క్యాలెండర్ చూశాను. ఆ శనివారమే మెదక్ బస్సు.

పరుగున వెళ్లి యెషయా గారికి చెప్పాను. ఆయన బోర్డు తుడుస్తున్నారు. డస్టర్ కింద పెట్టారు.

"గా శనివారం మెదక్ పోతున్నం గద సారూ."

"తెలుసండీ. ఫోన్ మీతోనే ఉంచుకోండి. మోగితే మాట్లాడండి. రెండు నిమిషాల పని."

"రెండు నిమిషాలే, ఎరుకే." ఆయన చేతులకంటిన ఇంకు గుడ్డతో తుడుచుకున్నారు. "ఏడాది పొడుగూత గీ ఫోన్ ఎత్తుత సారూ. ఎవరికోసమంటే వాళ్లకోసం ఎత్తుత. మెదక్ల వద్దు. గా గుడి మా తాత మోసిన రాళ్లు. గాడ నాతోటి అబద్ధం ఆడిపియ్యకుండ్రి."

నాకు కోపం వచ్చింది. నిజం చెప్పాలి కదా, చాలా కోపం వచ్చింది. "రెండేళ్లయిందండీ నేను తిరగబట్టి! మీకేం, మీకు ఉద్యోగం ఉంది!" అనేశాను. అన్నాక నాలుక్కరుచుకున్నాను. అటెండర్ పని చేసే పెద్దమనిషితో అనాల్సిన మాటా అది!

ఆయనకి కోపం రాలేదు. అదే నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. డస్టర్ మళ్లీ చేతిలోకి తీసుకుని, "సరే సారూ, ఫోన్ తెస్త" అన్నారు. "బస్సుల మోగితే ఎత్తుత. కిల్లా మీద మోగితే ఎత్తుత. గుడి గేటు లోపటికి పోయినంక మాత్రం ఎత్త. సరేనా?"

"సరే" అన్నాను. ఆ క్షణంలో ఒట్టు వేయమన్నా వేసేవాణ్ని.

శనివారం పొద్దున చలి బాగా ఉంది. మంకీ టోపీలు, మఫ్లర్లు, ఒకరి స్వెట్టర్ ఇంకొకరి మీద. జ్ఞానకుమారి గారు పెద్ద గిన్నెలో ఉప్మా, డబ్బాలో గులాబీ పువ్వులనే పిండివంట పట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. బస్సులో యెషయా గారి నియమం ఒకటుంది. ఇంటర్వ్యూ, రెజ్యూమె, జావా లాంటి మాటలు ఎవరి నోట వచ్చినా లేచి పాట పాడాలి. బాలానగర్ దాటేలోపు నేను మూడు పాటలు పాడాను. అందరూ పడీపడీ నవ్వారు. నా బాధ వాళ్లకేం తెలుసు!

"యెషయా గారూ, ఫోన్ జేబులోనే ఉందా?"

"ఉన్నది సారూ."

"ఛార్జింగ్?"

"నిండుగున్నది."

"సైలెంట్‌లో పెట్టలేదు కదా?"

"జర కిటికీల నుంచి బయటకు సూడుండ్రి సారూ, అడివి మస్తుంటది" అన్నారాయన. నర్సాపూర్ అడవి వచ్చింది. మంచు ఇంకా చెట్ల మీదే ఉంది, రోడ్డు పక్కన కోతులు వరసగా కూర్చుని ఎండ కోసం చూస్తున్నాయి. అందరూ కిటికీల దగ్గర చేరి అరుస్తున్నారు. నేను ఆయన జేబులోంచి ఫోన్ లాగి తెర చూశాను. సిగ్నల్ గీత ఒక్కటి కూడా లేదు. ఓర్నాయనో, అడవి దాటేదాకా ఊపిరాడలేదు నాకు.

మెదక్ చేరి కోట ఎక్కేసరికి పదిన్నర. ఆ పూట ఎంత బాగుందో తర్వాత మిగతావాళ్లు చెబితే తెలిసింది. రాతి ద్వారాలు, పైన పాత గోడలు, కింద ఊరంతా, ఊరి మధ్యలో గుడి శిఖరం. రేగుపండ్లు కొనుక్కుని జేబుల్లో పోసుకున్నారు. మెట్లమీద పందేలు వేసుకుని పరుగులు తీశారు. యెషయా గారు ఒక రాయి మీద నిలబడి, మా బడి అదిగో, మా ఇల్లు ఉన్న వాడ అదిగో అని చూపిస్తున్నారు. నేను మాత్రం ఆ తెల్ల చొక్కా జేబు తప్ప ఏదీ చూడలేదు. కోట మీద సిగ్నల్ నిండుగా ఉంది. పదకొండయింది. పదకొండున్నర. పన్నెండు. ఫోన్ మోగదే!

కిందికి దిగుదామంటే నేను ఒప్పుకోను. "ఇంకాసేపు ఉందాం, గాలి బాగుంది" అంటాను. మా బ్యాచ్ రవళికి విసుగొచ్చింది. "ఏంటి భార్గవ్, కోట మీద ఇంత ప్రేమ పుట్టిందేంటి నీకు? మాకు ఆకలేస్తోంది బాబూ" అంది. పన్నెండున్నరకి ఇక నా మాట చెల్లలేదు.

గుడి చుట్టూ పెద్ద సంత. రంగులరాట్నం తిరుగుతోంది, నక్షత్రాల దీపాలు, గాజులు, జామకాయలు, వేడి వేడి మిరపకాయ బజ్జీలు. అన్నాలు తిన్నాక గుడి గేటు దగ్గరికి వచ్చేసరికి రెండయింది. యెషయా గారు ఆగి, జేబులోంచి ఆ ఫోన్ తీసి నా చేతిలో పెట్టారు.

"మీ కాడ ఉంచుకోండ్రి సారూ. నా జేబుల ఉంటే నాకు మనసు నిలువది. వాళ్లు మళ్ల చేస్తరు, ఫికర్ చెయ్యకుండ్రి. బయటికి వచ్చినంక నేనే చేసి మాట్లాడుత."

"రెండుసార్లే చేస్తారండీ" అన్నాను. ఆయన అప్పటికే గేటు దాటారు, వినిపించిందో లేదో.

మెట్ల దగ్గర ఆయన చెప్పులు విడిచారు. ఆయనతో వచ్చిన ప్రతివాడూ విడవాల్సిందే, అది ఆయన రెండో నియమం. అందరూ లోపలికి వెళ్లారు. నేను బూట్లతో మెట్ల కింద నిలబడ్డాను, అరచేతిలో ఫోన్ పెట్టుకుని. లోపలి నుంచి ఆయన పాట మొదలైంది. సరిగ్గా అప్పుడు మోగింది.

మొదటిసారి ఎత్తలేదు, లోపలికీ పోలేదు. మాటిచ్చాను కదా అని ఆగాను. నన్ను కొంచెమైనా మంచివాడని అనుకోవాలంటే ఆ అర నిమిషానికి అనుకోండి. మోగి మోగి ఆగిపోయింది. తణుకులో మా అమ్మ, గదిలో నా ట్రంకు పెట్టె, రెండేళ్ల రెండు నెలలు, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. రెండోసారి మోగింది. నేను మెట్లెక్కి పరిగెత్తాను. బూట్లతోనే.

అంత పెద్ద గుడి. మధ్యలో కిటికీ కింద ఆయన కళ్లు మూసుకుని పాడుతున్నారు. పైనుంచి పడుతున్న రంగుల ఎండలో తెల్ల చొక్కా ఎర్రగా, నీలంగా ఉంది. మా వాళ్లూ, ఎవరెవరో ఊరివాళ్లూ నిశ్శబ్దంగా కూర్చుని వింటున్నారు. నా బూట్ల చప్పుడు, ఫోన్ మోత, రెండూ ఆ గోడలకి తగిలి పెద్దగా వినిపించాయి. పాట ఆగిపోయింది. ఆయన కళ్లు తెరిచి నా మొహం చూశారు. తర్వాత నా కాళ్లకేసి చూశారు.

"ఒక్కసారండీ. మీ కాళ్లు పట్టుకుంటాను" అన్నాను. నిజంగా వంగాను కూడా.

ఆయన ఫోన్ అందుకున్నారు. బయటికి నడిచేంత వ్యవధి లేదు. అక్కడే, ఆ కిటికీ కిందే, బటన్ నొక్కారు.

"గిడియన్ ప్రకాశ్ స్పీకింగ్."

ఆ గుడిలో మెల్లగా మాట్లాడినా మాట తిరిగొస్తుంది. ఆయన మెల్లగా మాట్లాడలేదు, మేనేజర్లా మాట్లాడారు. అవునండీ, భార్గవ్ మా దగ్గర రెండేళ్లు పనిచేశాడు. అవును, నా కిందే. చాలా నిజాయితీపరుడు. శనివారం కూడా వచ్చేవాడు. ఆయన చెప్పిన ప్రతి ముక్కా పైకప్పు దాకా పోయి మళ్లీ మా మీదకి వచ్చింది. రెండు నిమిషాలే పట్టింది.

ముందు వరసలో కొంగు నెత్తి మీద కప్పుకుని కూర్చున్న జ్ఞానకుమారి గారికి ఆ ఇంగ్లీషంతా అర్థం కాలేదు. పేరు ఒక్కటి అర్థమైంది.

"సెరీనా డాడీ, గిడియన్ సార్ పేరెందుకు చెప్పిండ్రు?" అంది మామూలుగానే. "ఆయన సచ్చిపోయి పదిహేనేండ్లాయె గద."

యెషయా గారు ఫోన్ నా చేతికిచ్చి, "అయిపోయింది సారూ. సోమవారం పోండ్రి" అన్నారు. తర్వాత జేబులోంచి చేతిరుమాలు తీసి, వంగి, నేల మీద పడ్డ నా బూట్ల మట్టి మరకలు తుడవడం మొదలుపెట్టారు. ఒక్కొక్క మరకా తుడుచుకుంటూ గుమ్మం దాకా వెళ్లారు. నేను తుడుస్తానని అననైనా అనలేదు. బూట్లు చేతిలో పట్టుకుని ఆయన వెనకాలే నడిచాను.

పాట సగంలో ఆగింది కదా, పూర్తి చేయమని రవళి వాళ్లు అడిగారు. "గొంతు పట్టేసింది మేడం" అన్నారు.

సిగ్గు విడిచి ఇంకో మాట చెప్పాలి. ఆ సాయంత్రం నేను చాలా సంతోషంగా ఉన్నాను. రంగులరాట్నం రెండుసార్లు ఎక్కాను. బజ్జీలు మూడు ప్లేట్లు తిన్నాను. అమ్మకి ఫోన్ చేసి ఏడ్చాను. తిరుగు బస్సులో నేనే లేచి నిలబడి, ఎవరూ అడక్కుండా పాటలు పాడాను. ఏటా పాటలు అందుకునే యెషయా గారు కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తున్నారు. అడవి దగ్గర నేను వెళ్లి పక్కన కూర్చున్నాను.

"కోపం వచ్చిందా అండీ?"

"లేదు సారూ. మీ మొఖం సూడలేకపోయిన, గంతే."

జ్ఞానకుమారి గారు వెనక సీట్లోకి మారి కూర్చుంది. పొద్దున ఆయన పక్కన కూర్చుని వచ్చిన మనిషి, మైత్రీవనం వచ్చేదాకా ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు. నేను మాత్రం సోమవారం ఏ చొక్కా వేసుకోవాలా అని ఆలోచించాను.

ఉద్యోగంలో చేరాను. సంక్రాంతి దాటాక స్వీట్ల డబ్బా పట్టుకుని వెళితే, ఒక ముక్క తీసుకుని "మంచిగుండుండ్రి సారూ" అన్నారు. మరుసటి డిసెంబరులో మెదక్ బస్సు కదల్లేదు. ఆ సంగతి రవళి చెబితే, ఆయనకి వీలుపడలేదేమో అనుకున్నాను. బోరబండ ఎంత దూరం? పంజాగుట్టలో నా కొత్త గది నుంచి పావుగంట. వెళ్లి అడగొచ్చు. వెళ్లలేదు. హైదరాబాద్ వచ్చినప్పటి నుంచీ ఎర్రగడ్డ గుడి పాటల గుంపులో ముందు నిలబడే మనిషి ఇప్పుడు వెనక బల్ల మీద కూర్చుంటున్నారని, పాడమంటే గొంతు బాగాలేదంటున్నారని కూడా రవళే చెప్పింది. అప్పుడూ వెళ్లలేదు. నాకు తీరిక లేదని చెప్పుకున్నాను.

రెండువేల ఏడు డిసెంబరు. నేను మా కంపెనీలో టీమ్ లీడ్‌ని. మా టీమ్‌లోకి కొత్తగా తీసుకునే కుర్రాడి పాత మేనేజర్‌తో మాట్లాడి, పనితనం ఎలాంటిదో రాసిమ్మని హెచ్ఆర్ వాళ్లు ఒక ఫారం ఇచ్చారు. పేరు, కంపెనీ, కింద నంబరు. ఆ నంబరు చూడగానే నా కాలు ఆడటం ఆగిపోయింది. కంపెనీ పేరు మార్చారు. నంబరు మార్చలేదు.

చేశాను. నాలుగు రింగులకి ఎత్తారు.

"గిడియన్ ప్రకాశ్ స్పీకింగ్."

అదే గొంతు. కొంచెం బొంగురు పోయింది. నేను పేరు చెప్పలేదు. ఫారంలో ఉన్న ప్రశ్నలన్నీ ఇంగ్లీషులో ఒక్కొక్కటే అడిగాను. కుర్రాడు చాలా నిజాయితీపరుడట. తన కింద రెండేళ్లు పనిచేశాడట. అన్నిటికీ టకటకా సమాధానాలు చెప్పారు. ప్రశ్నలు అయిపోయాయి. నేను పెట్టేయలేకపోయాను.

"యెషయా గారూ" అన్నాను తెలుగులో. "ఈ శనివారం మెదక్ బస్సు ఉందా అండీ?"

అవతల ఎక్కడో కుర్చీలు జరుపుతున్న చప్పుడు, సాయంత్రం బ్యాచ్ కోసం కాబోలు.

"భార్గవ్ సారా?"

"అవునండీ. బస్సు నేను మాట్లాడతాను. అన్నీ నేను చూసుకుంటాను. మీరు వచ్చి కూర్చోండి, చాలు. మీరు పాడకపోయినా ఫరవాలేదు."

"నేను రాను సారూ" అన్నారు. కోపంగా కాదు, నెమ్మదిగానే. "మీరు పోండ్రి. రూముల ఒక్కరే కూసున్న పిల్లలను తీస్కపోండ్రి. మంచిగుంటది వాళ్లకు. లోపటికి పోయేటప్పుడు మెట్ల కాడ చెప్పులు ఇడువుమని చెప్పుండ్రి."

ఏదో ఒకటి అనాలని నోరు తెరిచాను. ఈలోగా ఆయన గొంతు సవరించుకున్నారు.

"ఎనీ అదర్ క్వశ్చన్స్, సర్?" అన్నారు మేనేజర్.

లేవన్నాను. ఆయన ఫోన్ పెట్టేశాక, ఫారం మీద "సంతృప్తికరం" అన్న గడిలో టిక్కు పెట్టి హెచ్ఆర్ వాళ్లకి ఇచ్చేశాను.